ఒండ్రు నేర్చిన మందు

పొద్దున్నే బాగేపల్లి ఆస్పత్రి వెనక తలుపు దగ్గర చీము, నెత్తురు అంటిన గుడ్డల మూట పెట్టి ఉండేది. పుట్టమ్మ దాన్ని నెత్తికెత్తుకుని చిత్రావతి ఏటి మడుగుకు పోయి, బండ మీద ఉతికి, ఇసుకలో ఆరేసి, సాయంత్రానికి మడిచి తెచ్చి ఇచ్చేది. మొగుడు పోయినాక ఆ పనిలో చేరింది. అప్పటినుంచి ఆమె గడప ఎవరూ తొక్కలేదు. రోగాల గుడ్డలు ముట్టే చెయ్యి కదా అని చుట్టాలు దూరాన నిలబడే పలకరించేవాళ్లు. చిన్ననాటి స్నేహితురాలు అక్కయమ్మ ఆ పలకరింపు కూడా మానేసి, ఎదురుపడితే సందు మారిపోయేది.

పుట్టమ్మతో మాట్లాడేది మడుగు అడుగున ఉన్న ఒండ్రు ఒక్కటే. ఆమె నీళ్లలో చెయ్యి పెడితే చాలు, పెళ్లింట్లో ఆడవాళ్ల మాదిరి వేయి గొంతులు గుసగుసలాడేవి. ఏం తిన్నావని అడిగేవి. ఎగువన వాన పడిందని చెప్పేవి. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు. వాన కబురు కావలసిన రైతులు గట్టు మీద నుంచే ఆమెను అడిగి పోయేవాళ్లు.

ఆస్పత్రికి పెన్సిలిన్ సూదిమందు వచ్చిన ఏడు, ఆ మందు అంటిన గుడ్డలు పిండిన నీళ్లు తగిలి ఒండ్రు మూగబోయింది. ఎండాకాలమంతా పుట్టమ్మ మాటలేకుండా ఉతికింది. వానలు పడినాక ఒక్కొక్క గొంతే తిరిగి వచ్చింది, మునుపటికన్నా గట్టిగా. ఆ రోజు ఆమె బండ మీద కూర్చుని సంతోషంతో ఏడ్చింది.

మరుసటేడు నాగలి కర్రు దిగి అక్కయమ్మ ఎడమకాలు చీము పట్టింది. ఎన్ని సూదులు వేసినా వాపు మోకాలిదాకా ఎక్కింది. ఆమె మొగుడు అంజినప్ప మడుగు దగ్గరికి వచ్చాడు. గట్టు మీద ఆగకుండా నీళ్లదాకా దిగాడు.

"పుట్టమ్మా, సూదిమందు పనిచేయలేదంట. బెంగళూరుకు తీసకపోయి కాలు తీసేయాలంటాండాడు డాక్టరు. నీ మడుగును ఒకతూరి అడిగి చూడమ్మా."

అతను పోయినాక ఆమె నీళ్లలో చెయ్యి పెట్టి అడిగింది.

"ఆ కాల్లో ఉండేది మావాళ్లే, మడుగు నీళ్లతో చేన్లోకి పోయినోళ్లు," అంది ఒండ్రు. "నువ్వు పిండిన నీళ్లల్లోనే ఆ మందు ఏందో నేర్చుకొంటిమి. ఇంక అది మమ్మల్నేం చేయలేదు."

"మరి మీకు దేనికి భయం?"

వాటిలోంచి ఒక ముసలి గొంతు పలికింది.

"బండ కింద చల్లటి ఒండ్రులో ఒకటి నిద్రపోతాండాది. మాకన్నా సన్నది. మా ఒంట్లోకి దూరి, ఆడనే పిల్లల్ని పెట్టి, మమ్మల్ని పగలగొట్టుకొని బయటికొస్తాది. మనుషులనేం చేయదు. తవ్వితే లేస్తాది."

"లేస్తే మీరో?"

"మేముండమమ్మా."

వద్దని అవి బతిమాలలేదు. ఈపొద్దు ఏం తింటివని మాత్రం అడిగాయి.

పుట్టమ్మ పొద్దు వాలేదాకా కూర్చుంది. చిన్నప్పుడు రేగుపండ్లకు పోయి తన పాదంలో ముల్లు దిగితే, అక్కయమ్మ కింద కూర్చుని పంటితో పీకి తీసింది. ఆ ముల్లు సంగతి తలుచుకుని లేచి, బండ కింద చేతులు దూర్చి తవ్వింది.

పుట్టమ్మ ఆ ఒండ్రు తెచ్చి పుండుకు పట్టిస్తున్నంతసేపూ అక్కయమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. నాలుగు రోజులకు వాపు దిగింది. బెంగళూరు ప్రయాణం ఆగిపోయింది.

మడుగులో చెయ్యి పెడితే ఇప్పుడు ఉత్త నీళ్లే తగిలేవి. ఎవరూ అడగకపోయినా పుట్టమ్మ రాగిసంగటి తిన్నానని చెప్పి చూసింది. వానలు వచ్చి పోయినా ఒక్క గొంతూ తిరిగి రాలేదు.

ఒక పొద్దున ఆమె మూటతో దిగేసరికి బండ పక్కన తడి అడుసులో పాదాల గుర్తులు ఉన్నాయి. ఎవరో గట్టు దిగి వచ్చి, కాసేపు నిలబడి, తిరిగి పోయారు. రెండు కాళ్లవీ స్పష్టంగా పడ్డాయి. ఎడమది కొంచెం ఈడ్చినట్టు ఉంది. పుట్టమ్మ తలెత్తి చూసింది. గట్టు మీద ఎవరూ లేరు.

ఉతికిన నీళ్లు ఆ పాదాల గుర్తుల మీదికి పారకుండా ఆమె మూటను దిగువన ఇంకో రాయి దగ్గరికి మార్చుకుంది.