రెండు మెట్లు కిందికి

సస్క్వెహానా నది కట్ట దాటి ఊళ్ళోకి వచ్చిన ఏడాది అది. జూన్‌లో నీళ్ళు వచ్చాయి. అక్టోబరులో కూడా జనం ఇంకా బురద ఎత్తుతూనే ఉన్నారు. ఆ నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫైరింజన్ల హాల్లో, ఇళ్ళు పోయినవాళ్ళ కోసం డాన్సు పెట్టారు. పాడడానికి ఎమిల్ హుడాక్ బృందాన్ని పిలిచారు.

బృందమంటే నలుగురు. చెప్పుల ఫ్యాక్టరీలో పని, సెలవు రోజుల్లో పాట. పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళలోనూ చర్చి విందుల్లోనూ పాడుతున్నారు. రేడియోలో మగవాళ్ళ బృందాలు పాడినవే వీళ్ళూ పాడతారు. వాయిద్యాలు ఉండవు. ఒకే మైకు చుట్టూ భుజాలు రాసుకుంటూ నిలబడతారు. పైగొంతు లియో గవ్లిక్‌ది. మధ్యలో బెర్నీ, చెస్టర్. అట్టడుగు గొంతు ఎమిల్‌ది. శ్రుతి ఇవ్వడం కూడా అతని పనే. గుప్పెట్లో ఇమిడే గుండ్రటి శ్రుతిబిళ్ళ ఒకటి అతని దగ్గరుంటుంది. దాని అంచున వరసగా కన్నాలు. ఒక కన్నంలో, ముగ్గురికే వినబడేంత మెల్లగా ఊదుతాడు. అతను ఏది ఊదితే అది. మైకు ముందు నిలబడ్డాక ఆ శ్రుతి వద్దని ఎవరూ అనకూడదు. మొదటి రోజు నుంచీ అదే కట్టుబాటు.

పాట మొదలయ్యే ముందు లియో ఎమిల్‌ని వంటగది వెనక్కి లాక్కెళ్ళాడు.

"ఒరేయ్, చివరి పాట శ్రుతి రెండు మెట్లు కిందికి దించు."

"ఎందుకు?"

"ఎందుకేంట్రా? ఎండాకాలమంతా ఎండిన బురద గీకాను. ఛాతీ నిండా ఆ దుమ్మే. పైకెళ్తే గొంతు నిలబడట్లేదు."

"పొద్దున సాధనలో వెళ్ళిందిగా."

"ఒక్కసారి వెళ్ళింది. బెర్నీగాడికి మాత్రం చెప్పకు. ముసలాడివయ్యావని ఎక్కిరించి చంపుతాడు."

"సరే," అన్నాడు ఎమిల్.

సరే అన్నాడు గాని మనసు ఒప్పలేదు. ఆ పాట చివర్లో ముగ్గురూ ఆగిపోతారు. లియో గొంతు ఒక్కటే దారప్పోగులా సాగి పైకి వెళ్తుంది. జనం వచ్చేదే ఆ ఒక్క చరణం కోసం. ఈసారి రెండు మెట్లు దిగితే ఇంకోసారి ఇంకో రెండు దిగాలి. ఆ దిగడం ఎక్కడ ఆగుతుంది? పొద్దున పాడాడుగా, వట్టి భయం, పాడించేస్తే అదే పోతుంది అనుకున్నాడు.

హాలు కిటకిటలాడింది. బంగాళాదుంప కూరిన పిరోగీలు వేగుతున్న వాసన, దాని అడుగున ఇంకా వదలని నది వాసన. బెర్నీ మైకు పట్టుకుని, "ఈ పాట మా చెస్టర్ పెళ్ళానికి. వీణ్ణి బురదలోంచి తీసి, కడిగి, మళ్ళీ మొగుడని ఒప్పుకున్నందుకు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. "ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు!" అని వెనకనుంచి ఆవిడే కేకేసింది.

చివరి పాట వచ్చింది. ఎమిల్ పాత కన్నంలోనే ఊదాడు.

అతని భుజానికి ఆనుకున్న లియో భుజం బిగుసుకుంది. అయినా లియో పాడాడు. చివరి చరణం దగ్గర ముగ్గురూ ఆగారు. లియో ఒక్కడే ఎక్కుతూ పోయాడు. కొసకి చేరేసరికి గొంతు జీరపోయింది. మళ్ళీ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. బెర్నీ చప్పున అందుకుని, కింది స్థాయిలో పాట ముగించాడు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వరద తలుచుకుని దుఃఖం అడ్డం పడిందనుకున్నారు. ఒక ముసలావిడ వచ్చి లియో రెండు చేతులూ పట్టుకుంది. "మా అందరి ఏడుపూ నువ్వే ఏడ్చావు నాయనా," అంది. లియో తలూపాడు. ఎమిల్ ఆవిడ ముఖం చూడలేకపోయాడు.

బయట కార్ల దగ్గర ఇద్దరే మిగిలారు.

"పాతదే ఊదావు," అన్నాడు లియో.

"అలవాటురా. బొటనవేలు దానంతటదే అక్కడికి పోయింది."

లియో కారు తలుపు తీశాడు.

"పద్దెనిమిదేళ్ళ వేలు. ఎలా మాట వింటుందిలే. శనివారం పెళ్ళిలో మాత్రం గుర్తుపెట్టుకో. రెండు మెట్లు దిగితే ఇంకో పదేళ్ళు పాడొచ్చు మనం." నవ్వబోయి దగ్గాడు. "కావాలనే చేశావేమోనని ఒక్క క్షణం అనుకున్నాన్రా. అలా అనుకున్నందుకు నాకే సిగ్గేసింది."

ఎమిల్ ఆ సాయంత్రం శ్రుతిబిళ్ళ బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. నోరు మూసుకుంటే శనివారం పాట ఉంటుంది. ఇంకో పదేళ్ళు ఉంటుంది. నోరు విప్పితే ఉండదు. అంతవరకు అతనికి తెలుసు. కాని శ్రుతి ఊదిన ప్రతిసారీ లియో తనని నమ్మి నోరు తెరవాలి. ఆ నమ్మకం దేనిమీద నిలిచిందో తనొక్కడికే తెలిసి ఉంటుంది.

మర్నాడు పొద్దున షిఫ్టుకి ముందే లియో ఇంటికి వెళ్ళాడు. ఇల్లంటే, వరద తర్వాత గవర్నమెంటు ఇచ్చిన, చక్రాల మీది రేకుల గది. లియో కాఫీ కప్పుతో తలుపు తీశాడు.

"వేలు దానంతటదే పోలేదు లియో. తెలిసే ఊదాను."

"ఎందుకు?"

"పాడగలవనుకున్నాను."

"పాడలేనని నేను చెప్పాక కూడానా?"

"ఆఁ."

లియో కప్పులోకి చూస్తూ నిలబడ్డాడు. "రావట్లేదని పెళ్ళివాళ్ళకి నువ్వే చెప్పు," అని మెల్లగా తలుపు వేసుకున్నాడు.

ఎమిల్ ఫ్యాక్టరీ గేటు దగ్గరున్న ఫోన్ డబ్బాలోకి వెళ్ళి పెళ్ళికూతురి తండ్రికి ఫోన్ చేశాడు. శనివారం మేం రావడం లేదండి అన్నాడు.

"అయ్యో, ఎవరికన్నా ఒంట్లో బాలేదా?"

"లేదండి. ఇక పాడటం లేదు."

ఫోన్ పెట్టేసి పనిలోకి వెళ్ళాడు.