చిన్న గొయ్యి

వాలెంతి మోకాళ్ళ కింద గోనెసంచి మడిచి పెట్టుకుని, నల్లని కొలిమి చిట్టెపు రాళ్ళ మధ్య తలెత్తిన మొలకను కత్తెరతో నేలమట్టంగా కత్తిరించాడు. పీకలేదు. వేరు కిందే ఉంది. కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది.

“నేలకి క్షవరం అయిందా?” గేటు దగ్గర్నుంచి కాపలాదారు జెనెక్ కేకేశాడు.

“నీ నెత్తి మీదకన్నా ఇక్కడే గుబురుగా వస్తోందిరా.”

ఆ రాళ్ళు పరిచిన వాలు కింద నాజీలు చంపి పూడ్చిన యూదులున్నారు. సమాధి నేలను కదపడం వాళ్ళ మతంలో కూడదు. అందుకని పార లేదు, గునపం లేదు. రంపపు మిల్లు మూతపడ్డాక వాలెంతికి ఈ స్మారకస్థలంలో దొరికిన పని ఇది. కుడిచేతి వేళ్ళు రెండు మిల్లులోనే పోయాయి. మిగిలినవి కత్తెరకి అలవాటు పడ్డాయి. భార్య పోయాక ఆదివారాలు కూడా వస్తున్నాడు.

లుబ్లిన్ పట్నం నుంచి బడిపిల్లల బస్సు వచ్చింది. గేటు దాటేదాకా గోల, తర్వాత చప్పుడు లేదు. టీచరమ్మ పక్కన ఒక అమ్మాయి కుండీని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని నడుస్తోంది. అందులో మోకాలెత్తు ఓక్ మొక్క.

“తాతగారూ, దీన్ని ఎక్కడ నాటమంటారు?”

“ఎక్కడా వద్దమ్మా. ఇక్కడ తవ్వకూడదు.”

టీచరమ్మ మొహం ఎర్రబడింది. “పోయినవాళ్ళ పేరున ఓక్ నాటడం మనకి అలవాటే కదండీ. అడగాలని తోచలేదు. పద యాగొదా.”

ఆ అమ్మాయి కదల్లేదు. “కాయ నుంచి నేనే పెంచాను. వాళ్ళ కోసమే కదా! చిన్న గొయ్యి చాలు. ఇంతే.” కుండీ కిందపెట్టి దోసిలి పట్టి చూపించింది.

మతం ఒప్పుకోదని చెప్పి ఊరుకోవచ్చు. అందరికీ చెప్పేది అదే. ఊళ్ళో ఎవరూ పైకి అనని మాట ఇంకొకటుంది. గేటు దగ్గర జెనెక్ వింటున్నాడు. అతని తండ్రికీ ఆ మాట తగులుతుంది.

“యుద్ధం అయ్యాక మా ఊరివాళ్ళు ఇక్కడ తవ్వారు తల్లీ,” అన్నాడు వాలెంతి. “బంగారం కోసం. పళ్ళకి కట్టించుకున్నది కూడా వదల్లేదు. మట్టి జల్లెడ పట్టారు. మా నాన్నా తవ్వాడు. ఆ డబ్బుతో ఆవుని కొన్నాడు. దాని పాలు తాగి పెరిగాను నేను.”

“ఒరే వాలెంతీ, చాల్లే,” అన్నాడు జెనెక్.

“ఎవడికి వాడు తవ్వింది చిన్న గొయ్యేనమ్మా.”

యాగొదా దోసిలి విప్పి కుండీ మీద చెయ్యి వేసింది. “మరి దీన్నేం చెయ్యను?”

“మీ బడి పెరట్లో నాటు. అక్కడ తవ్వచ్చు.”

ఆమె కుండీ ఎత్తుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వాలెంతి నల్లరొట్టె, ఊరవేసిన దోసకాయ ఒక్కడే కూర్చుని తిన్నాడు. రోజూ పక్కన కూర్చునే జెనెక్ తన డబ్బా పట్టుకుని కాపలా గది వెనక్కి పోయాడు. సాయంత్రం తాళాలు బల్ల మీద పడేసి సైకిలెక్కాడు. గేటు వాలెంతే మూశాడు.

గేటు పక్క గోడ మీద ఒక చిన్న పార ఉంది, మొక్కలు నాటేది. బడిపిల్లలు మరిచిపోయారో, వదిలేశారో. కొత్తది. పిడికి నీలం రిబ్బను ముడి, రేకు మీద ఇంకా ఊడని అంగడి చీటీ, ఎక్కడా మట్టి అంటలేదు.