అరతలుపు గడియ

తూటా మూడోసారి వీధిలోకి పారిపోయిన రోజున ఫ్రేములాయన ఒక మాట అన్నాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. అన్నాడంటే గాజు మీద గీసిన గీతే, చెరగదు.

"ఇంకొక్కసారి ఆ కుక్క అరతలుపు దాటిందంటే, ఆదివారం నా స్నేహితుడు వస్తున్నాడు, వాడి తోటకి పంపించేస్తా. అంతే."

ఆయన భార్య, ఆ ఇంటి కోడలు, కిందకి చూసింది. కాళ్ళ దగ్గర తూటా రొప్పుతూ, తనంత బుద్ధిమంతుడు ఊళ్ళో లేడన్నట్టు చూస్తోంది. జానెడు కుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి. పెళ్ళయిన రెండో ఏడు పుట్టింటి నుంచి బస్సులో, చేతిసంచిలో పెట్టుకుని తెచ్చుకుంది దాన్ని. ఈ ఇంట్లో భర్త చెక్కతో మాట్లాడతాడు, అత్తగారు కిటికీతో మాట్లాడుతుంది. కోడలు మాట్లాడుతుంటే తల పక్కకి వాల్చి ఆసాంతం వినే ప్రాణి తూటా ఒక్కటే.

పారిపోవడం దాని పుట్టుకలోనే ఉంది. సందు కనిపిస్తే చాలు, పేరుకి తగ్గట్టు దూసుకుపోతుంది. అందుకే ఫ్రేములాయన మిగిలిపోయిన ఫ్రేము చెక్కలతో నడుమెత్తు తలుపొకటి కట్టాడు. ముందుగది ఫోటోలకి ఫ్రేములు కట్టే కొట్టు, వెనకగదులు ఇల్లు, మధ్యలో ఈ అరతలుపు. కొట్టు తలుపు పొద్దస్తమానం బార్లా తెరిచే ఉంటుంది కాబట్టి, కుక్కకీ వీధికీ మధ్య అడ్డం ఆ చిన్న ఇనప గడియ ఒక్కటే. వచ్చేవాళ్ళెవరైనా, పోయేవాళ్ళెవరైనా, వెంటనే గడియ పెట్టాలి. ఇంటి చట్టం అది. ఏడాదిన్నర బాగానే నడిచింది.

ఆడపడుచు వచ్చాకే చట్టం తప్పింది.

ఫ్రేములాయన అక్క ఆవిడ. సర్వే ఆఫీసులో ఉద్యోగం. ఈ ఊరికి బదిలీ అయి, గదులు దొరికేదాకా అని మూడు వారాల కిందట రెండు పెట్టెలతో దిగింది. కుక్క బొచ్చు పడదు, ఎదురైతే తుమ్ముతుంది. పొద్దున తొమ్మిదికి వెళ్ళి సాయంత్రం అయిదుకి వస్తుంది. తూటా పారిపోయిన మూడుసార్లూ సాయంత్రం అయిదు దాటాకే. ఇంకేం కావాలి?

కోడలికి ఇంకా కావాలి. ఎంచి చూసే అలవాటు ఆమెది. కొట్టులో ఫోటోల చుట్టూ పెట్టే అట్టలు కోసే పని ఆమెదే, వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోటో పక్కకి ఒరిగినట్టు కనిపిస్తుంది. ఆ కన్నుతోనే ఆడపడుచుని చూడటం మొదలుపెట్టింది. కుక్క పారిపోగానే అందరికంటే ముందు వీధిలో ఉండేది ఆవిడే. అంత సిద్ధంగా ఎలా ఉంటుంది? పోనీ, చెయ్యి పెట్టగానే సంచిలోంచి బిస్కెట్టు ఎలా వస్తుంది? పడని కుక్క కోసం బిస్కెట్లు కొనుక్కుని తిరిగేవాళ్ళుంటారా?

"అమ్మాయ్, అలా చూస్తావేం? నా మొహాన ఏమన్నా అంటిందా?" అంది ఆడపడుచు ఒకరోజు భోజనాల దగ్గర.

"లేదు వదినా, ఊరికే."

"అయితే మీ ఆయనతో చెప్పు, ఆ ఫ్యాను కాస్త తగ్గించమని. అన్నం చల్లారిపోతోంది."

ఆ 'మీ ఆయన' రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నాడు. "అమ్మా, చలేస్తే అటు గోడవైపు కూర్చోమని చెప్పవే," అన్నాడు ఆయన, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు లేక రెండేళ్ళు. కారణం కొట్టులో గోడమీదే ఉంది. వాళ్ళ నాన్న ఫోటో. ఆయనకి ఉన్న మంచి ఫోటో అదొక్కటే. కుర్చీలో కూర్చుని ఉంటాడు, పక్కన పదేళ్ళ కూతురు భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉండేది. ఉండేది అనే చెప్పాలి. నాన్న పోయిన దుఃఖంలో కొడుకు వారం రోజులు నిద్రాహారాలు మాని ఒక ఫ్రేము చెక్కాడు, తన జీవితంలోనే అంత అందమైన ఫ్రేము ఇంకోటి లేదు. చెక్కాక తీరా చూస్తే ఫోటో పట్టలేదు. ఊరందరికీ కొలిచి కొలిచి కట్టేవాడు, కన్నతండ్రి ఫోటో ఒక్కటే కొలవలేదు. ఫ్రేముని పాడుచెయ్యడానికి చెయ్యాడలేదు, ఫోటో అంచు కోశాడు. అక్క వచ్చి చూసేసరికి నాన్న భుజం మీద నాలుగు వేళ్ళు మాత్రం మిగిలి ఉన్నాయి. ఆ రోజు నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

తమ్ముడి మీద కోపం కుక్క మీద తీర్చుకుంటోందని కోడలు తేల్చుకుంది. తేల్చుకుంది గానీ ఋజువు లేదు.

గురువారం మధ్యాహ్నం రంపప్పొట్టు తెచ్చి అరతలుపుకి లోపలివైపు పలచగా చల్లింది. అత్తగారు పక్కనే, తలుపుతెర చాటున, సందులోంచి వీధి కనిపించే కిటికీ దగ్గర తన వాలుకుర్చీలో ఉంది. మోకాళ్ళు పట్టేసిన మనిషి, లేవాలంటే ఇద్దరు సాయం పట్టాలి.

"ఏం చేస్తున్నావే?"

"చీమలొస్తున్నాయత్తయ్యా."

"పొట్టుకి చీమలు పోతాయా! మా కాలంలో వినలేదమ్మా."

ఆ సాయంత్రం తూటా పారిపోలేదు. కానీ కోడలు వంగి చూస్తే గడియకి సరిగ్గా కింద పొట్టులో రెండు గుండ్రటి గుర్తులున్నాయి, అర్ధరూపాయి బిళ్ళంత. ఈ ఇంట్లో మడమ కింద గుండ్రటి ఎత్తున్న చెప్పులు ఆడపడుచువి ఒక్కటే. కాలినొప్పికి డాక్టరు చెప్పాడని ఆవిడ ఇంట్లోనూ విప్పదు.

ఆ సంగతి భర్తకి చెప్పింది. "మీ అక్కగారేనండీ. గుర్తులు చూశాను."

ఆయన చెక్క నునుపు చేస్తున్నవాడల్లా ఆగాడు. అంతే. మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ ఆ రాత్రి అక్క వడ్డిస్తే వద్దని లేచిపోయాడు. అది చూసి కోడలికి సంతోషమే కలిగింది, కానీ ఆవిడ చేతిలో మిగిలిపోయిన గరిటె తనే అందుకుంది.

శనివారం వచ్చింది. మర్నాడే ఆదివారం. ఈ ఒక్క సాయంత్రం గడిస్తే తూటా ఇంట్లోనే ఉంటుంది. తాడుతో కట్టేసి చూశారు గానీ, కట్టేస్తే వీధి వీధంతా చేరేలా ఏడుస్తుంది. ఒక ఖాతాదారు "ఏంటండీ, కుక్కని కూడా ఫ్రేములో బిగిస్తున్నారా?" అని పరిహాసమాడి పోయాడు కూడా.

ఆ రోజే ఒకాయన నిలువుటద్దానికి ఫ్రేము కట్టమని ఇచ్చి వెళ్ళాడు. కోడలు ఆ అద్దాన్ని బల్లమీద ఓరగా నిలబెట్టింది. అరతలుపుకి వీపు పెట్టి అట్ట కోస్తున్నట్టు కూర్చుంటే, గడియ నిండుగా అద్దంలో కనిపిస్తోంది. చెయ్యి కనపడగానే వెనక్కి దూకి పట్టుకోవాలి. "దొరికారా వదినా!" అనాలి. ఆ మాట లోపల నాలుగైదుసార్లు అనుకుని చూసుకుంది.

అయిదయింది. ఆడపడుచు వచ్చింది, అరతలుపు తీసింది, కుక్కని కాలితో అడ్డుకుంది, తుమ్మింది, గడియ పెట్టింది. సరిగ్గా పెట్టింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది అనుకుంది కోడలు. కాళ్ళు కడుక్కోవడానికి ఆవిడ పెరట్లోకి వెళ్ళింది. భర్త కొట్టు గుమ్మంలో కూర్చుని మేకులు ఏరుతున్నాడు. తూటా అరతలుపు కింద ముక్కు పెట్టి గాలి పీలుస్తోంది.

అద్దంలో తెర కదిలింది.

తెర చాటునుంచి చెయ్యి రాలేదు. ఒక వంకీ వచ్చింది. నున్నగా అరిగిన చేతికర్ర వంకీ. మెల్లిగా, ఎంతో అలవాటు ఉన్నట్టు, గడియ కిందకి దూరి పైకెత్తింది. మళ్ళీ తెర వెనక్కి వెళ్ళిపోయింది.

దూకాల్సిన కోడలు కొయ్యబారిపోయింది. ఆమె తేరుకునేలోగా గోధుమరంగు గీతొకటి కాళ్ళ పక్కనుంచి, గాజుపలకల సందులోంచి, ఫ్రేములాయన మోకాలి మీదుగా వీధిలో పడింది.

"పట్టుకోండి!" అని ఆయన లేచాడు. పెరట్లోంచి తడికాళ్ళతో ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది, పోతూ పోతూ సంచి అందుకుంది.

కోడలు మాత్రం కదల్లేదు. తెర పక్కకి లాగింది. అత్తగారు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. కర్ర ఒళ్ళో ఉంది. కర్ర కొనకి గుండ్రటి రబ్బరు తొడుగు, అర్ధరూపాయి బిళ్ళంత.

"అత్తయ్యా."

"నిద్రపోతున్నానే."

"నిద్రపోయేవాళ్ళు జవాబు చెప్పరు."

అత్తగారు ఒక కన్ను తెరిచింది. కోడలి మొహం చూసి రెండోదీ తెరిచింది. ఇంక దాచలేననుకుందేమో, వేలెత్తి వీధివైపు చూపించింది. "అరవకు. విను."

వీధిలోంచి కేకలు వినిపిస్తున్నాయి.

"అక్కా! నువ్వటు తిరుగు, అటు తిరుగు! పంపు దగ్గరికి పోతోంది!"

"ఒరేయ్, రాళ్ళున్నాయి, చూసుకుని పరిగెత్తు! నువ్వసలే గుడ్డివాడివి!"

"బిస్కెట్టు చూపించవే!"

"చూపిస్తున్నా కదరా! నిన్ను చూసే అది భయపడుతోంది!"

అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడి నోట అక్కా అన్న మాట రెండేళ్ళుగా వినలేదే, ఈ కుక్క పారిపోయేదాకా. మొదటిసారి నిజంగా పొరపాటే, కర్ర తగిలి గడియ లేచింది. ఇద్దరూ పరిగెత్తారు. కుక్కని పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి ఇద్దరూ నవ్వారు. మళ్ళీ మాటల్లేవని గుర్తొచ్చినట్టు మొహాలు తిప్పుకున్నారనుకో. ఆ ఒక్క క్షణం కోసం..."

"లారీ కింద పడితే?"

"చూసే తీస్తానమ్మా. మొన్న గురువారం కర్ర ఎత్తాను కూడా. లారీ కనిపించి దించేశాను."

"ఈ కిటికీలోంచి సగం వీధే కనిపిస్తుందత్తయ్యా. మిగతా సగంలో ఏముందో ఎలా తెలుస్తుంది మీకు?"

అత్తగారు కిటికీవైపు చూసింది. ఏళ్ళ తరబడి చూస్తున్న కిటికీయే. సగం వీధే.

"రేపు తూటాని పంపించేస్తారు. నాకు మాట్లాడ్డానికి ఇంకెవరున్నారు?" అంది కోడలు.

అప్పటికి వాళ్ళు తిరిగి వచ్చారు. కుక్క ఆడపడుచు చంకలో ఉంది, ఆవిడ తుమ్ముతోంది. ఫ్రేములాయన మొహం ఎర్రగా ఉంది. అరతలుపు దగ్గర నిలబడి గడియనీ, అక్కనీ చూశాడు.

"నువ్వేనా తీసింది?" అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఇంట్లో అక్కతో సూటిగా అన్న మొదటి మాట అది.

"నేనా?"

"గుర్తులున్నాయట. నీ చెప్పులవి."

ఆవిడ మెల్లిగా మరదలివైపు తిరిగింది. ఆ చూపు కోడలు జన్మలో మర్చిపోలేదు. "అయితే ఇన్నాళ్ళూ అలా చూసింది అందుకా, అమ్మాయ్? ఆ బిస్కెట్లు ఎందుకు మోస్తున్నానో తెలుసా? మొదటిరోజు ఈ కుక్క రోడ్డు మధ్యలో నిలబడితే నా ప్రాణం పోయింది. అప్పటినుంచీ సంచిలో వేసుకుంటున్నా."

"వదిన కాదండీ," అంది కోడలు. "నేను తప్పు చూశాను. ఆవిడ కాదు."

"మరెవరు?"

కోడలు అత్తగారి కుర్చీకి అడ్డంగా జరిగింది. కర్ర నేలకి టక్కుమని తగిలింది.

"నేనురా," అంది అత్తగారు. "మీ ఇద్దరి మాటలు వినాలని. ఏం చేస్తావో చెయ్యి. నన్ను కూడా ఆ తోటకే పంపించెయ్యి."

తూటా ఆడపడుచు చంకలోంచి మిగతా బిస్కెట్టు కోసం సంచిలో తల దూర్చింది. ఆవిడ తుమ్మి, కళ్ళు తుడుచుకుంది. తుమ్ముకి మించి తుడుచుకుంది.

"మాట్లాడమంటే ఏం మాట్లాడనమ్మా వీడితో? ఊరందరికీ కొలుస్తాడు. నన్ను మాత్రం కొయ్యడానికి చెయ్యి వచ్చింది. ఒరేయ్, రెండేళ్ళుగా అడుగుదామనుకుంటున్నా. కోసిన ఆ ముక్క ఏం చేశావురా? చెత్తలో వేశావా?"

ఫ్రేములాయన కొట్టులోకి వెళ్ళి, గాజు కోసే కత్తులుండే చెక్కపెట్టె తీసి, అడుగునున్న కాగితం మడత విప్పాడు. రెండు వేళ్ళ వెడల్పు ముక్క. పదేళ్ళ పిల్ల, రెండు జడలు, చాచిన చెయ్యి. మణికట్టు దాటాక లేదు.

"ఉంచావా! మరి ఇవ్వలేదేం?"

"నువ్వడగలేదుగా," అన్నాడు ఆయన.

ఆవిడ తమ్ముడి వీపుమీద ఒక్కటి చరిచింది. చిన్న దెబ్బేమీ కాదు.

ఆ రాత్రి తోటాయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది ఆడపడుచే. కోడలితో మాత్రం రెండురోజులు ముక్తసరిగానే ఉంది. మూడోరోజు కోడలు వెళ్ళి, "వదినా, కుక్కకి గుమ్మం దగ్గర ఆగడం నేర్పాలి. ఇద్దరు కావాలి. గడియ తియ్యడానికొకరు, వీధిలో కాపలాకొకరు. వెంటపడకూడదు. మీరు వెంటపడతారనే వాడు పరిగెత్తేది, ఆగి వెనక్కి చూస్తాడు చూడండి," అంది. ఆడపడుచు కాసేపు అనుమానంగా చూసింది. ఈసారి చూసే వంతు ఆవిడది. చివరికి, "సరే. వీధిలో మీ ఆయన్ని నిలబెట్టు. నేను గడియ దగ్గరుంటా," అంది.

నెలరోజులు పట్టింది. ఇప్పుడు అరతలుపు తీసినా తూటా గడప ముందు కూర్చుంటుంది. ఒళ్ళంతా వణుకుతూ, నిక్కిన చెవి ఇంకా నిక్కించి, "ఊఁ" అనేదాకా ఆగుతుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆగుతుంది. ఆ పదోసారి కోసం సాయంత్రాలు అక్కాతమ్ముళ్ళు గుమ్మంలో ఒకరినొకరు తిట్టుకుంటూ నిలబడుతున్నారు. నాన్న ఫోటోకి కొత్త ఫ్రేము వచ్చింది. ఈసారి కొలిచాడు. మణికట్టు దగ్గర అతుకు సన్నగా కనిపిస్తూనే ఉంటుంది.

అత్తగారికి కొడుకు కొత్త కర్ర చేసిచ్చాడు. వంకీ లేదు, పైన గుండు మాత్రమే.

"నామీద నమ్మకం లేదా?" అంది ఆవిడ కోడలితో.

"లేదత్తయ్యా," అంది కోడలు, నిండు మనసుతో.

అద్దం యజమాని వచ్చి అద్దం పట్టుకుపోయాడు. కోడలు ఒక గాజుముక్క కోసి, వెనక రసం పూయించి అద్దం చేసి, అదే చోట, అదే వాలులో మేకుకి తగిలించింది. అట్ట కోస్తున్నంతసేపూ ఒక కన్ను దానిమీదే ఉంటుంది.