పళ్ళ డాక్టరమ్మ అత్తగారి నవల

చలికాలం సెలవులకు రిసెప్షన్ అమ్మాయి పది రోజులు ఊరెళ్ళడంతో పళ్ళ డాక్టరమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పేర్లు రాసుకోవడానికి, ఫోను ఎత్తడానికి మనిషి లేదు.

"నేను లేనూ? ఇంట్లో ఒక్కదాన్నీ గోడలు చూస్తూ ఏం చేస్తాను?" అన్నారు అత్తగారు.

మర్నాడు శాలువా, కళ్ళజోడు, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నాలుగు వందల పేజీల హత్య నవలతో వచ్చి బల్ల వెనక స్థిరపడ్డారు. ఆవిడకు పైకి చదివితే తప్ప బుర్రకెక్కదు. అదీ మామూలు చదువు కాదు. నగల వ్యాపారి మాటలకు గొంతు బొంగురు చేస్తారు, అతని రెండో భార్యకు సన్నగా సాగదీస్తారు, వంటాయనకు గుసగుసలాడతారు, ఇన్‌స్పెక్టరు వస్తే బల్ల గుద్దుతారు.

మొదట్లో డాక్టరమ్మ సంతోషించింది. మూలుగుతూ వచ్చినవాళ్ళు మూలుగు మానేసి చెవులు అప్పగించి వింటున్నారు. పదకొండింటికి తలుపు తీసి, "తర్వాత ఎవరండీ?" అంది.

ఎవరూ లేవలేదు.

దవడ వాచి చెంపకు మఫ్లరు చుట్టుకున్న బస్సు డ్రైవరు, కట్టుడుపళ్ళు వదులైపోయి వచ్చిన దర్జీ తాతగారి వైపు తిరిగాడు. "పెద్దవారు, ముందు మీరు వెళ్ళండి."

"అబ్బే, నాకేం తొందర బాబూ? వాచింది నీకు."

"నా వాపెక్కడికి పోతుందండీ? డాక్టరుగారూ, ఇప్పుడే శవాన్ని బయటికి తీస్తున్నారు. అదొక్కటీ విని వచ్చేస్తాను."

మూడో రోజుకి హాలు నిండిపోయింది, లోపల కుర్చీ ఖాళీ. ఎప్పుడూ చూడని మొహాలు కూడా కనిపించాయి. "మీకు ఏ పన్ను నొప్పండీ?" అని డాక్టరమ్మ ఒకావిడను అడిగితే, "ఇంకా రాలేదమ్మా, వస్తుందేమోనని ముందే వచ్చి కూర్చున్నాను" అంది.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర డాక్టరమ్మ నోరు విప్పింది. "అత్తయ్యా, కాస్త మనసులో చదువుకోరూ?"

"దానికేం భాగ్యం" అన్నారు అత్తగారు.

సాయంత్రం మౌనంగానే చదివారు. కాకపోతే మధ్యమధ్యలో "అమ్మ దొంగా!" అని ముక్కున వేలేసుకున్నారు. "నేననుకుంటూనే ఉన్నా!" అని తొడ చరుచుకున్నారు. హాల్లో జనానికి ప్రాణం పోయినంత పనైంది.

"ఏమైంది పెద్దమ్మగారూ? ఎవరు?" అని బతిమాలాడు డ్రైవరు.

"మా కోడలు పైకి చదవొద్దంది నాయనా" అన్నారావిడ, పేజీ తిప్పుతూ.

అంతే, తొమ్మిదిమంది ఒక్కసారిగా లోపలికి జొరబడ్డారు. చేసేది లేక డాక్టరమ్మ రాజీకి వచ్చింది. అత్తగారు కుర్చీ పక్కన నిలబడి చదవాలి, తలుపు తెరిచే ఉంటుంది. కానీ కుర్చీలో ఎవరో ఒకరు నోరు తెరుచుకుని ఉన్నంతసేపే చదువు. నోరు మూశారా, పుస్తకం మూసినట్టే.

ఇక చూడాలి ఆ తోపులాట! పిప్పిపన్ను పీకించుకున్నవాళ్ళు "పక్కదాన్ని కూడా ఓసారి గీకండి" అని ప్రాధేయపడ్డారు. దర్జీ తాతగారు రెండుసార్లు ఎక్కారు.

"మీకు పళ్ళే లేవు కదండీ!"

"చిగుళ్ళున్నాయిగా తల్లీ. నింపాదిగా చూడు."

మధ్యలో ప్రశ్నలు వేయలేని శ్రోతలు దొరికినందుకు అత్తగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

చివరి ప్రకరణం రోజున కుర్చీ డ్రైవరుకి దక్కింది. మందులతో వాపు తగ్గింది, జ్ఞానదంతం తీయాల్సి ఉంది. డాక్టరమ్మ వేలు లోపలికి పెట్టి చిగురు తడుముతోంది. హాల్లోవాళ్ళు తలుపు వైపు మెడలు చాచారు.

"ఇన్‌స్పెక్టరు అందరినీ కలయజూశాడు," అత్తగారు గొంతు తగ్గించారు. "ఈ హత్య చేసింది..."

"వంటాయనే!" అని అరిచాడు డ్రైవరు. అరిచిన నోరు టక్కున మూసుకుంది, డాక్టరమ్మ వేలి మీద.

ఆవిడ పెట్టిన కేకకు కిటికీ అద్దాలు అదిరాయి. అదీ నవల్లోదే అనుకుని, "ఎంత బాగా అరిచారండీ పెద్దావిడ!" అని హాల్లో చప్పట్లు కొట్టారు.

"అత్తయ్యా, నా వేలు!"

"ఒక్క నిమిషం ఓర్చుకోమ్మా, రెండే వాక్యాలున్నాయి... హత్య చేసింది తోటమాలి!"

హాలంతా గొల్లుమంది. "అన్యాయం పెద్దమ్మగారూ! తోటమాలికి మీరు గొంతు కూడా మార్చలేదు" అన్నాడు డ్రైవరు, నోరు నొక్కుకుంటూ.

"మారిస్తే మీకు అనుమానం రాదూ? ఇది నేను నాలుగోసారి చదవడం."

డాక్టరమ్మ వేలికి కట్టు పడింది. రెండు రోజులు పనిముట్టు పట్టకూడదన్నారు. మర్నాడు ఆ మాట చెప్పి పంపేద్దామని తలుపు తీస్తే, జనమంతా "వేలెలా ఉందమ్మా?" అని పరామర్శిస్తూనే వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. డ్రైవరు సిగ్గుతో తల దించుకుని, హీటరు పక్కనున్న తన చోటు ఆవిడకు ఇచ్చాడు.

డాక్టరమ్మ కూర్చుంది. అత్తగారు సంచిలోంచి ఇంకో లావుపాటి పుస్తకం తీసి, "ఇందులో ముగ్గురు పోతారు" అన్నారు.

"కాస్త గట్టిగా చదవండి అత్తయ్యా," అంది డాక్టరమ్మ, కాళ్ళు పైకి ముడుచుకుంటూ. "వెనక్కి కూడా వినబడాలి."