రెండు సీట్ల కారు

నా భార్య లీదియా పోయాక నాకొక సంగతి అర్థమైంది. నా ఫోన్ మోగితే అది నా కోసం కాదు, మా ఓమ్ని వ్యాన్ కోసం. "కిషోర్ బాబు గారూ, ఆదివారం బండి ఉంటుందా అండీ?" అని అడిగేవాళ్లే అందరూ. అన్నం తిన్నారా అని అడిగినవాళ్లు లేరు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా రెడ్డిగూడెం దారిలో ఉన్న మా మామిడితోట గేటు ముందు ఎనిమిది మంది తయారు. చర్చి ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లూ కోడళ్ల మీద చాడీలు, మోకాళ్ల నొప్పులు. షీబా టీచరమ్మ సరిగ్గా నా వెనకే కూర్చుని, "కొంచెం నెమ్మదిగా పోనివ్వండి, రైలేమన్నా అందుకోవాలా?" అని సతాయించేది. పద్నాలుగేళ్లలో ఆ వ్యాన్ ఒక్కసారి కూడా దారిలో ఆగిపోలేదు. ఆగి ఉంటే ఒక్క ఆదివారమైనా నా చెవులకు విశ్రాంతి దొరికేది.

వీళ్లకు కావలసింది నేనా, బండా? తేల్చుకుందామనుకున్నాను.

హైదరాబాదు వెళ్లి ఎర్రటి ఫారిన్ స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను. రెండే సీట్లు. వస్తూ హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగితే లారీ డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగారు. ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. లీదియా పోయాక నా భుజం మీద పడిన మొదటి చెయ్యి అది. ఇల్లు చేరేదాకా ఆ బరువు తెలుస్తూనే ఉంది.

వ్యాన్‌ని పెద్దిరాజుకి ఇచ్చేస్తానన్నాను. మా తోటలో కాయ కోసే మనిషి అతను.

"అది కూడా ఉంచుకోండి బాబుగారూ. ఈ కారు చూడ్డానికి బాగుంటదండి. అదైతే రోజూ పనికొస్తది," అన్నాడు.

"నువ్వే తీసుకోవయ్యా," అన్నాను. అది ఇంట్లో ఉన్నంతకాలం నా సంగతి తేలదు కదా.

వారం రోజులు ఊరంతా కారు చూడ్డానికి వచ్చింది. ఎక్కమంటే మాత్రం ఒక్కరూ ఎక్కలేదు. షీబా టీచరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "కాళ్లకి మట్టండీ, సీటు పాడవుద్ది," అంది. ఆ తర్వాత ఫోన్ మోగడం మానేసింది. అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఎందుకు అడిగానా అని ఏడుపొచ్చింది.

మే నెలలో ప్రథమ ఫలాల ఆదివారం వచ్చింది. మొదటి కోత కాయల్ని చర్చిలో ప్రార్థన చేయించాకే మేం మార్కెట్టుకు పంపుతాం. ఏటా వ్యాన్ నిండా గంపలే, గంపల మధ్య కాళ్లు ముడుచుకుని మనుషులు. పెద్దిరాజు చర్చికి రాడు గానీ, ఆదివారాలు అందరినీ అతనే దింపుతున్నాడు. ఈసారి కారు వదిలేసి వాళ్లతోనే పోదామని, చిన్నరసాల గంప పక్కన పెట్టుకుని గేటు ముందు నిలబడ్డాను. కారు నా వెనకే ఉంది.

ఓమ్ని వచ్చింది. చెయ్యెత్తాను.

లోపలున్న అందరూ చేతులు ఊపారు. పెద్దిరాజు హారన్ కొట్టాడు. "కారు మెరిసిపోతోందండీ," అని కిటికీలోంచి అంది షీబా టీచరమ్మ. బండి వెళ్లిపోయింది. ఆపు అని కేకేయాల్సింది. ఆ కారు ముందు నిలబడి ఆ మాట అనడానికి నోరు రాలేదు.

గంపను పక్క సీట్లో పెట్టుకుని బయలుదేరాను. గేటు దాటగానే టింగుటింగుమని మోత. ఎదురుగా ఎర్ర లైటు. పక్కన కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోలేదట. కారు ఆపి, బెల్టు లాగి గంప చుట్టూ బిగించాను. మోత ఆగింది.

"నెమ్మదిగానే పోనిస్తానండీ," అన్నాను గంపతో.