అయిదో గీత

రెండుకీ మూడుకీ నాలుగుకీ వేరే గుర్తులెందుకు, ఒకటినే పక్కపక్కన పేర్చుకుంటే సరి, అందుకే కాబోలు ప్రపంచమంతా వాడే యూనికోడ్ పట్టికలో ఒక్కోదానికీ ఒక్కో గీత గీసే ఈ లెక్కకి రెండే అక్షరాలు, ఒక నిలువుగీతా, అయిదు గీతలూ కలిసిన గుర్తూ, ఎంత పొదుపు మనుషులమ్మా, అనుకుంది సబీహా గుడివాడలో ఎక్కిన పెడన బస్సులో కూచుని, కాస్త సర్దుకోమ్మా అంది జామకాయల బుట్టావిడ, సర్దుకుంది, ఆ రెండు గుర్తుల్నీ నాన్న ఫోన్లో రెండు పెద్ద బటన్లుగా పెట్టింది తనే, పక్షవాతంతో మాట పడిపోయినా నాన్న బాజి పెడనలో కలంకారీ అద్దకం మానలేదు, చెయ్యి బాగానే ఉంది, ఇదివరకు ఎన్ని దుప్పట్లు అద్దితే అన్ని గీతలు బల్ల అంచున సుద్దతో గీసేవాడు, ఇప్పుడు యజమాని నాగేంద్రబాబు గారు బందరులో ఉంటున్నారు, ఫోన్లో పంపమన్నారు.

పొద్దున ఆయనే తనకి ఫోన్ చేశారు, ఏవనుకోకమ్మా, నిన్న మీ నాన్న తొమ్మిదని పంపాడు, వచ్చి చూద్దును కదా అయిదే దుప్పట్లు, మొన్నా ఇదే వరస, మతి నిలవట్లేదు, రేపట్నించి ఆ బల్ల ఇంకొకరికిస్తాననడం, తను అలాగేనండి అనడం, అంత తేలిగ్గా ఎలా అనేసిందో, మరుపు రావచ్చని డాక్టరు ముందే చెప్పాడుగా, వచ్చిందన్నమాట, అమ్మ ఖైరున్ బీ వీడియోలో నాన్నని చూపిస్తే ఎన్ని నాన్నా అనడిగింది, అయిదు వేళ్లు చూపించాడు, మరి తొమ్మిదెందుకు పంపావు, మళ్లీ అయిదు వేళ్లే, ఈసారి విసురుగా, మొండికేస్తున్నాడే అంది అమ్మ, మాట ఎలాగూ లేదు, బల్ల కూడా పోతే ఆ మనిషి పొద్దస్తమానం ఏం చేస్తాడు.

గుడ్లవల్లేరు దాటాక నాన్న మెసేజ్ తెరిచింది, నాలుగు నిలువుగీతలు, పక్కన అయిదు గుర్తు, నాలుగూ అయిదూ తొమ్మిదే, అయిదు కావాలంటే ఆ గుర్తొక్కటి నొక్కితే చాలని చెప్పిందిగా, చెప్పిందా, బల్ల మీదైతే ఒక దుప్పటి దించితే ఒక గీత, ఇంకోటి దించితే ఇంకో గీత, నాలుగు నిలువుగా, అయిదోది దించాక వాటి మీదుగా ఏటవాలుగా ఒక్క గీటు, అయిదు అని నాన్న ఎప్పుడూ రాయలేదు, అయిదోదాన్నే గీసేవాడు, బటన్ మీద ఏటవాలు గీత చూసి అది ఆ ఒక్క గీటే అనుకున్నాడు, నాలుగింటి మీదా పడుతుందని నొక్కాడు, అది పడకుండా పక్కన నిండు అయిదై కూచుంది, యా అల్లా, బంగారంలాంటి బుర్రని పట్టుకుని మతి లేదంటే తనూ అలాగేనండి అనేసింది, నాన్న లెక్క ఎక్కడా తప్పలేదు, నొక్కిన ప్రతి నొక్కూ ఒక దుప్పటి.