పన్నెండో గది కానుక

"క్యాసెట్టుకి బరువేముందే, ఇన్ని వంకలు పెట్టడానికి?" సునంద మూడోసారి అడిగింది.

అనిత అప్పటికే మడతపెట్టిన చుడీదార్‌ని విప్పి మళ్ళీ మడతపెడుతోంది. "బరువు కాదన్నానుగా అమ్మా. పాలపొడి డబ్బాలు ఇమ్మను, రెండైనా మోసుకెళ్తాను. క్యాసెట్ మాత్రం నాకొద్దు."

"విడ్డూరం కాకపోతే! డబ్బాలు మోస్తుందట, అరచేతిలో పట్టే క్యాసెట్టు మోయదట. ఏవండీ, వింటున్నారా?"

"నిన్నటినుంచీ వింటూనే ఉన్నాను," అన్నాడు గిరి. ఆయన తలుపు గొళ్ళేనికి తగిలించిన స్ప్రింగు త్రాసు ముల్లు సరిచేస్తున్నాడు. ఖతర్‌లో పదమూడేళ్ళుగా స్టోర్‌కీపర్ ఉద్యోగం. వాళ్ళుండే ముఐథర్ పేటలో తెలుగువాళ్ళెవరు ఊరికి బయల్దేరినా వాళ్ళ సామాను ముందు ఈ గొళ్ళేనికి వేలాడాల్సిందే. "హుస్సేన్‌బీ ఏం బంగారం బిస్కట్లు ఇవ్వట్లేదు కదమ్మా. కూతురికి నాలుగు మాటలు టేపులో చెప్పుకుని పంపిస్తోంది."

"జమీలా ఇప్పుడు హాస్టల్లో లేదు నాన్నా. రాయచోటిలో ఉంది."

"పరీక్షలకి మళ్ళీ వస్తుందిగా? అప్పుడివ్వు."

"కస్టమ్స్‌లో అడుగుతారు."

"పోయినేడాది అడగలేదుగా?"

పోయినేడాది అనేసరికి అనిత చుడీదార్‌ని మళ్ళీ విప్పేసింది. చెల్లెలు ప్రసూన సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, అక్క తీసి పెట్టిన వెండి ఉంగరాన్ని తన వేలికి తొడుక్కుని చూసుకుంటోంది. "అమ్మా, నీకు అర్థం కావట్లేదు. అక్క ఇప్పుడు పన్నెండో గది మనిషి. వాళ్ళు క్యాసెట్లు మోస్తారా ఏంటి?"

"ఆ ఉంగరం ఇలా ఇవ్వు," అంది అనిత. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

సునంద ఆశ్చర్యంగా చూసింది. ఆ ఉంగరమంటే ఆవిడకి గొప్ప. హైదరాబాదులో కూతురు చదివే కాలేజీ హాస్టల్లో పన్నెండో నంబరు గదిది ఒక జట్టు. ఎవరుపడితే వాళ్ళు అందులో చేరలేరు. ఏడాదికి ఇద్దరినో ముగ్గురినో వాళ్ళే పిలుస్తారు. పిలిచినవాళ్ళకి వెండి ఉంగరం పెడతారు. మెస్సులో కిటికీ పక్క బల్ల వాళ్ళది. పాత నోట్సులు వాళ్ళకే వస్తాయి. వాళ్ళ జోలికి వార్డెను కూడా ఆలోచించి వెళ్తుంది. అనితకి ఆ పిలుపు వచ్చిందని ఉత్తరం అందినరోజున సునంద పక్క పోర్షన్‌వాళ్ళకి కూడా చదివి వినిపించింది. 'మంచి కుటుంబాల పిల్లలతో తిరుగు, వదులుకోకు' అని తిరుగు ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరంలో అనిత రాయనిది ఒకటుంది. పన్నెండో గదికి ఊరికే చేర్చుకోరు. చేరేవాళ్ళు కానుక తేవాలి. కానుకంటే వస్తువు కాదు. గదిలో అందరూ ఒక పూటంతా పొట్ట పట్టుకుని నవ్వేలా ఏదో ఒకటి చేసి చూపాలి.

* * *

హుస్సేన్‌బీది రాయచోటి. అల్ రయ్యాన్‌లో ఒక పెద్ద అరబ్బు ఇంట్లో వంటా, పిల్లల పనీ చూస్తుంది. ఆ ఇంటి డ్రైవరు ఖాసీం ఆవిడ తమ్ముడే. ఖాసీం రెసిడెన్సీ కార్డు రెన్యువల్ కాగితాలు గిరే నింపేవాడు, అలా రెండు ఇళ్ళకీ రాకపోకలు. హుస్సేన్‌బీకి చదువు రాదు. రాయచోటిలో తల్లి ఇంట్లో ఫోను లేదు. అందుకని గల్ఫులో చాలామంది చేసినట్టే ఆవిడా తన మాటలతో క్యాసెట్టు నింపేది. అరగంట ఇటు, అరగంట అటు. ఇంటికెళ్ళేవాళ్ళ చేతికిస్తే వాళ్ళు చేరవేసేవాళ్ళు.

కూతురు జమీలాకి ఇంటర్లో మంచి మార్కులొస్తే హైదరాబాదు కాలేజీలో చేర్పించమని సలహా ఇచ్చింది గిరే. "మా అనిత అక్కడే ఉంది. సొంత చెల్లెల్లా చూసుకుంటుంది," అని మాటిచ్చాడు.

అనిత చూసుకోలేదని కాదు. మొదటి ఆరు నెలలు చూసుకుంది. క్యాసెట్టు తనే మోసుకెళ్ళి ఇచ్చింది. జమీలా దగ్గర టేప్‌రికార్డర్ లేదు, అనిత దగ్గర ఉంది. అందుకని ఆ క్యాసెట్టు అనిత ట్రంకుపెట్టెలోనే ఉండేది. ఆదివారం తలంటు పోసుకుని, తడిజుట్టుతో జమీలా వచ్చేది. "అక్కా, ఒక్కసారి పెట్టుకుంటా" అని గోడవైపు తిరిగి కూర్చుని, టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి వినేది. ఒకే క్యాసెట్టు. ప్రతి ఆదివారం.

ఫిబ్రవరిలో మెహర్ సుల్తానా పిలిచింది. పన్నెండో గదికి ఆమే పెద్ద. "ఆదివారం మధ్యాహ్నం రా. ఏం తెస్తావో మరి," అంది నవ్వుతూ. అనిత మూడు రోజులు ఆలోచించింది. తనకి పాట రాదు, డాన్సు రాదు. ఎవరినైనా అనుకరించమంటే మాత్రం చేయగలదు.

ఆ ఆదివారం జమీలా తలంటుకి వెళ్ళిన సమయంలో అనిత ట్రంకుపెట్టె తెరిచింది.

పన్నెండో గదిలో తొమ్మిదిమంది ఉన్నారు. తను మోసుకెళ్ళిన టేప్‌రికార్డర్ మీట నొక్కగానే ముందు వాషింగ్ మెషీను చప్పుడు, దాని వెనక హుస్సేన్‌బీ గొంతు. "బిడ్డా, జమీలా... నేను బాగుండా. తలకు చమురు పెట్టుకో. పేన్లు చూసుకో బిడ్డా. ఈడ పిల్లోళ్ళు కేకు సగం తిని పారేస్తారు. నేను నీ పేరు చెప్పుకోని ఆ ముక్క తింటా..." ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు, ఏడుపు, ఏడుపులోనే మళ్ళీ పేన్ల సంగతి.

నిజానికి మొదట ఎవరూ నవ్వలేదు. రాయచోటి యాస వాళ్ళలో సగంమందికి అందనే లేదు. మెహర్ సుల్తానా గడియారం చూసుకుంది. అనిత టేపు ఆపి, చున్నీ తలమీదుగా కప్పుకుని, ముక్కు చీది, "పేన్లు చూసుకో బిడ్డా!" అంది అచ్చం అదే గొంతుతో.

అప్పుడు నవ్వారు. మంచాల మీద పడి నవ్వారు. మళ్ళీ చెయ్యమన్నారు. అనిత నాలుగుసార్లు చేసింది. ఉంగరం పెట్టించుకుంది.

నాలుగు రోజులకి మెస్సు వరసలో నిలబడిన జమీలాకి వెనకనుంచి ఎవరో "పేన్లు చూసుకో బిడ్డా" అన్నారు. తర్వాత స్నానాల గదుల దగ్గర. తర్వాత క్లాసులో. జమీలా ఎవరితోనూ పోట్లాడలేదు. అనిత గదికొచ్చి గుమ్మం బయటే నిలబడి, "క్యాసెట్టు ఇయ్యక్కా," అంది. ఇంకొక్క మాట అనలేదు. తీసుకుని, పైట చెంగుతో తుడిచి, వెళ్ళిపోయింది. మార్చిలో పరీక్షలు రాయకుండానే రాయచోటి బస్సెక్కింది. పచ్చకామెర్లని అందరికీ చెప్పింది. అదే సంగతి తల్లికీ రాసింది.

* * *

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఖాసీం పెద్ద బండి గేటు ముందు ఆగింది. "గిరన్నా, అర్ధగంటే! మేడమ్ లేచేలోపల పోవల్ల," అని కిటికీలోంచే కేకేసి, నీడ వెతుక్కుంటూ బండిని ముందుకు పోనిచ్చాడు.

హుస్సేన్‌బీ పైన వేసుకున్న నల్ల అబాయా తీసి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని, ఏసీ ఎదురుగా కూర్చుంది. చేతులు సబ్బునీళ్ళలో నాని తెల్లగా ఉబ్బి ఉన్నాయి. వచ్చీరాగానే అనిత చెంపలు నిమిరి, మెటికలు విరిచింది. "నా తల్లే, చిక్కిపోయినావే! హాస్టల్లో సరింగా పెట్టలేదా? ఏం సునందక్కా, బిడ్డకి రెండు నెల్లు కోళ్ళు కోసి పెట్టొద్దా?"

"పెట్టినా తింటేగా వదినా! ఏదో దిగులు పట్టుకుంది దీనికి," అంది సునంద టీ గ్లాసు అందిస్తూ.

"దిగులే. దిగులే అన్నిటికీ మూలం." హుస్సేన్‌బీ గ్లాసు కింద పెట్టేసింది. "నా బిడ్డకి కామెర్లు యాడినుంచి వచ్చినాయి? నాకు తెల్సు. పోయినతూరి క్యాసెట్టులో నేను ఏడ్చినా. ఏడ్వకూడదనే అనుకున్నా, ఆ పొద్దు మేడమ్ ఏందో అనింది, కడుపులో ఉన్నిందంతా బిడ్డకి చెప్పుకున్నా. ఎంగిలి కేకు తింటానని కూడా చెప్పినా, బుద్ధి లేకుండా. అది ఇని ఇని, కుమిలి జబ్బు పడింది బిడ్డ. లేకుంటే బాగ చదివేది చదువు ఎందుకు ఇడిసిపెడ్తాది చెప్పన్నా?"

గిరి టీ గ్లాసుని ఆవిడకి దగ్గరగా జరిపాడు.

"నేనే చేసుకుంటి. కన్నతల్లి నోటితో నేనే నా బిడ్డని పడగొట్టుకుంటి." ఆవిడ అబాయా మడతలోంచి క్యాసెట్టు తీసింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పైన దారం కట్టి ఉంది. "ఈతూరి ఏడ్వలా. ఒట్టు. ఐదుతూర్లు నింపినా. ఏడుపు వస్తానే చెరిపేసి మళ్ళా మొదలుపెట్టినా. అన్నీ నవ్వు మాటలే చెప్పినా. ఈడ ఒంటె ఒకటి గేటు దూరి మేడమ్ పూలకుండీలు తినేసిన కత చెప్పినా." అని తనే నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "నువ్వే ఇయ్యల్ల అనితమ్మా. జమీలాకి నువ్వంటే ప్రాణం. పోయినతూరి ఒకటే జాబు రాసింది, ఖాసీం సదివి వినిపిచ్చినాడు. అనితక్క గురించి మాత్రం ఒక్క చెడ్డ మాట లేదు దాంట్లో."

ఒక్క చెడ్డ మాట లేదు. అనిత చెప్పాలనుకుంది. 'అత్తా, మీ ఏడుపు వల్ల కాదు' అన్న మాట నాలుకదాకా వచ్చింది. తండ్రి ముఖం చూసింది, తల్లి ముఖం చూసింది, ఆ ఉబ్బిన తెల్లటి చేతులు చూసింది. బయట హారన్ మోగింది.

"యల్లా అక్కా, పోదాం రా! మేడమ్ ఫోన్ చేస్తాంది!" ఖాసీం అరుపు.

హుస్సేన్‌బీ గబగబా అబాయా తొడుక్కుంది. క్యాసెట్టుని అనిత చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది. అనిత చేయి వెనక్కి తీసుకోలేకపోయింది.

* * *

హుస్సేన్‌బీ వెళ్ళాక గిరి గేటు వేసి వచ్చాడు.

"చూశావా?" అంది సునంద, గ్లాసులు తీస్తూ. "ఆ క్యాసెట్టు కోసం ఎంత గొడవ చేశావు! అర చెయ్యంత లేదు."

అనిత క్యాసెట్టుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారం ముడి నల్లగా ఉంది, పంటితో బిగించినట్టున్నారు. ఐదుసార్లు చెరిపి, ఐదుసార్లు నింపింది. కడిగేసిన గిన్నెలాంటి గొంతుతో ఒంటె కత చెప్పి ఉంటుంది. జమీలా దాన్ని దేంట్లో వేసుకుని వింటుంది? అది విన్నా, తల్లి ఎందుకు ఏడవలేదో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? తన తప్పు అక్కడో మనిషి, ఇక్కడో మనిషి పంచుకుని మోస్తున్నారు. తను మాత్రం ఉంగరం పెట్టుకుని తిరుగుతోంది.

గిరి మళ్ళీ త్రాసు దగ్గరికెళ్ళాడు. "పందొమ్మిదిన్నర. ఇంకా అరకేజీ జాగా ఉంది."

"అయితే నావి పంపిద్దాం నాన్నా," అంది ప్రసూన. "అక్కా, వచ్చే ఏడాది నేనూ అక్కడే చేరతానుగా. నన్ను కూడా పన్నెండో గదిలోకి పిలవమని మీ మెహర్ అక్కకి చెప్తావా? నేను కానుకగా ఏం తేవాలి?"

"నీకెవరు చెప్పారు కానుక గురించి?"

"నాకు విడిగా రాసిన ఉత్తరంలో నువ్వేగా రాశావు. 'కానుకగా అందరినీ నవ్వించాను' అని. ఏం చేశావో మాత్రం రాయలేదు."

అందరూ అనితవైపే చూశారు, ఊరికే, జవాబు కోసం చూసినట్టు. అనిత చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాట తడబడింది కానీ తర్వాత ఆగలేదు. ట్రంకుపెట్టె, ఆదివారం, చున్నీ ముసుగు, నాలుగుసార్లు. మెస్సు వరస. గుమ్మం బయట నిలబడిన జమీలా. దేన్నీ తగ్గించలేదు. 'అందరూ కలిసి' అనలేదు. 'నేను' అనే చెప్పింది.

గిరి త్రాసు వదిలేసి కుర్చీలో కూర్చున్నాడు. "నేను మాటిచ్చాను ఆవిడకి," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అనితకి.

సునంద గ్లాసులు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. "నేనే కదే రాశాను, వదులుకోకు అని," అంది నెమ్మదిగా. మళ్ళీ అంతలోనే, "అయిందేదో అయిపోయింది. ఆ పిల్లకి చేతనైన సాయమేదో చేద్దాం. ఇప్పుడు హుస్సేన్‌బీకి చెప్పి ఏం ఒరుగుతుంది? ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. ఖాసీం మొహం మీ నాన్న ఎలా చూస్తారు?"

"చెప్పకపోతే ఆవిడ తన తప్పే అనుకుంటుందమ్మా. ఎప్పటికీ అలానే అనుకుంటుంది."

సునంద గ్లాసులు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చింది.

అనిత ఉంగరం తీసింది. వేసవంతా కొంచెం బిగుతుగానే ఉంది. వేలి చుట్టూ తెల్లటి గీత పడింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు గుప్పిట్లో ఉంచుకుని, చివరికి ప్రసూన వైపు చూడకుండా టీపాయ్ మీద పెట్టేసింది. ప్రసూన దాన్ని ముట్టుకోలేదు.

"రేపు పొద్దున ఖాసీం మామయ్య పిల్లల్ని స్కూల్లో దించి వచ్చేటప్పుడు నన్ను రయ్యాన్ తీసుకెళ్ళమని అడుగుతాను," అంది అనిత. గొంతు పెంచలేదు. మీటింగు టైము చెప్పినట్టు మామూలుగా చెప్పింది. "వెనక గేటు దగ్గర పది నిమిషాలు చాలు. హుస్సేన్‌బీ అత్తకి నేనే చెప్తాను. ఎవరూ నాతో రావద్దు. నాన్నా, నువ్వు కూడా. ఆదివారం బొంబాయిలో దిగాక హైదరాబాదు రైలెక్కను. కడప మీదుగా వెళ్ళే రైలు ఉంది కదా, దాంట్లో వెళ్ళి, అక్కడినుంచి రాయచోటి బస్సెక్కుతాను. హైదరాబాదు స్టేషనుకి రావద్దని బాబాయికి ఫోన్ చేసి నేనే చెప్తాను. క్యాసెట్టు జమీలా చేతికిచ్చి, నా టేప్‌రికార్డర్ కూడా అక్కడే వదిలేస్తాను. తలుపు తియ్యకపోతే గుమ్మం దగ్గర పెట్టి వస్తాను. పన్నెండో గదికి ఇంక నేను వెళ్ళను."

గిరి లేచి సూట్‌కేసు తెరిచాడు. పైన సర్దిన పచ్చడి సీసాలు రెండు తీసి పక్కన పెట్టి, అనిత హాస్టల్ నుంచి తెచ్చి అల్మారా మీద పెట్టిన టేప్‌రికార్డర్‌ని పాత తువ్వాలులో చుట్టి ఆ జాగాలో పెట్టాడు.